అప్‌గ్రేడ్ చేసుకోమన్నారు సరే, మా అక్షరాలేవి?

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పాత కంప్యూటర్లతో ముప్పు అని వార్త వేశారు. పెళ్లిళ్ల సీజన్లో తలెత్తే తీరిక లేక ఇప్పుడు రాస్తున్నాను. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది, అందరూ వెంటనే కొత్తదైన విండోస్ 11కి మారిపోవాలని అందులో ఒక అధికారి గారు సెలవిచ్చారు. మారినవాడి గతేమిటో ఆయన చెప్పలేదు. నేను చెబుతాను.

కావలిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. 2015లో కొన్న కంప్యూటర్‌ని విండోస్ 11 గడప కూడా తొక్కనివ్వలేదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదట, ప్రాసెసర్ పాతదట. ఒక్కరోజు మొరాయించని మెషిన్ అది! సరేనని అప్పు చేసి కొత్తది కొన్నాను. మా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల నాటిది. సర్వీసు కుర్రాడు రెండు పూటలు తంటాలు పడి ఎక్కించాడు గానీ ఫాంట్లు పట్టుకోలేదు. పాత ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే సొంత కోడ్ ఉన్నవి కావు. ఇంగ్లిషు అక్షరాల కోడ్ మీద తెలుగు బొమ్మ తొడిగినవి. ఫాంటు అందకపోతే ఆ తొడుగు ఊడిపోతుంది. ప్రూఫ్ చూడ్డానికొచ్చిన పెళ్లికూతురి తండ్రి, "ఏందన్నా, మా పాప పేరు కాడ ఈ కోడిగీతలేంది?" అన్నాడు. ఏం చెప్పను?

ప్రింటర్‌ది ఇంకో గోల. దాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, నా దగ్గరున్నది 32 బిట్‌ది. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో, అందులో ఇది నడవదు. కొత్త డ్రైవర్ కోసం నెల్లూరుకు రెండుసార్లు బస్సెక్కాను. ఆ మోడల్‌కి ఇక రాదన్నారు. చివరికి ఆ శుభలేఖలు మూలన పెట్టిన పాత కంప్యూటర్ మీదే చేసిచ్చాను. ముప్పు రాకుండా దానికి నెట్ వైరు పీకేశాను లెండి.

యూనికోడ్‌కి మారొచ్చు కదా అంటారు. మారాను కూడా. పోయిన నెల ఒక ఆఫీసుకు నోటీసు యూనికోడ్‌లో చేసిస్తే, మా సిస్టమ్‌లో రావడం లేదు, పాత ఫాంటులో తెమ్మన్నారు. ఇంకో ఆఫీసు వెబ్‌సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప తెరుచుకోదు. అది 2022 జూన్‌లోనే పోయింది సామీ! దాని బదులు వచ్చిన ఎడ్జ్ బ్రౌజర్‌లో అలాంటి పాత సైట్లు తెరిచే ఐఈ మోడ్ ఒకటుందని అక్కడి ఉద్యోగికి నేనే చూపించి వచ్చాను. దానికి జీతం ఎవరిస్తారో తెలియదు. కుటుంబ సర్టిఫికెట్ కోసం వెళ్లిన మరో చోట తెర మీద విండోస్ 7 కనిపించింది. దానికి సపోర్టు 2020 జనవరిలోనే ఆగిపోయింది. మనకు చెప్పే ముందు ఒక్కసారి వాళ్ల టేబుళ్లు చూసుకోకూడదా? అడిగితే సర్వర్ డౌన్, రేపు రండి. రోడ్డు గుంటలకైనా ఇదే జవాబు, పింఛనుకైనా ఇదే.

ఏ ప్రోగ్రాం నడుస్తుంది, ఏది నడవదు, పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చేదెట్లా, ఈ నాలుగు ముక్కలు చెప్పి మారమంటే మారేవాళ్లం. ఇన్ని చెప్పి మిమ్మల్ని వదిలేస్తే తప్పవుతుంది. మొన్న సంతాప ప్రకటన పంపితే మీ ప్రకటనల విభాగం వారు కూడా పాత ఫాంటులోనే కావాలన్నారు.

ఒక డీటీపీ నిర్వాహకుడు,
కావలి, నెల్లూరు జిల్లా