శిఖంలో ఇల్లు

కేటీ, టెక్సాస్
జూన్ 8

బాపూ,

నీకూ అమ్మకూ దండాలు. మేం ముగ్గురం బాగున్నాం. చిన్నోడికి బడి సెలవులిచ్చారు. మీ అల్లుడి ఉద్యోగం, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉన్నాయి, వాటి గురించి రాసేదేం లేదు.

ఆదివారం ఫోన్లో "శిఖంల ఇల్లు కొన్నవా బిడ్డా" అని ఒక్క మాట అని, ఫోన్ అమ్మ చేతికిచ్చి వాకిట్లోకి వెళ్లిపోయావు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నీళ్లు నిండితే మునిగే జాగాలో ఇల్లు కొన్నామని బావ నీతో చెప్పింది నిజమే. అయితే సగమే చెప్పాడు. ఫోన్లో మొదలుపెడితే నాకు ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నా. అమ్మతో చదివించుకోకు. అద్దాలు పెట్టుకుని నువ్వే చదువు.

మా ఇంటి దగ్గరున్న ఈ రిజర్వాయర్ మన పెద్ద చెరువు లాంటిది కాదు బాపూ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇందులో నీళ్లే ఉండవు. హ్యూస్టన్ పట్నం 1929లో ఒకసారి, 1935లో ఒకసారి మునిగిందట. ఆ తర్వాత పట్నానికి పడమటి వైపు రెండు మట్టికట్టలు పోశారు. బార్కర్ కట్ట 1945లో, ఆడిక్స్ కట్ట 1948లో పూర్తయ్యాయి. రెండూ కలిపి దాదాపు 40 కిలోమీటర్లు. వాన పడ్డప్పుడు తూములు మూసి నీళ్లు ఆపుతారు. కింద బఫెలో బేయూ అనే వాగు తగ్గాక మెల్లగా వదులుతారు. మిగతా రోజుల్లో లోపలంతా అడవి, పార్కు, పిల్లలు ఆడుకునే మైదానాలు. తెల్ల కొంగలు మన దగ్గరలాగే వస్తాయి. నీకో సంగతి చెప్పాలి, ఈ కేటీ ఒకప్పుడు వరి పండించిన ఊరు. వడ్లు ఆరబెట్టే పెద్ద పెద్ద గోదాములు పాత ఊళ్లో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు కారు ఆపి దిగాను.

మొన్న శనివారం చిన్నోడిని తీసుకుని బార్కర్ కట్ట మీదికి వెళ్లాను. పైన కంకర బాట, రెండు పక్కలా నున్నగా కోసిన గడ్డి, ఒక్క చెట్టు లేదు. మన కట్ట మీద తుమ్మ మొలక కనిపిస్తే నువ్వు గడ్డపారతో వేళ్లతో సహా లేపేసేవాడివి గుర్తుందా? "వేరు కుళ్లితే నీళ్లకు తొవ్వ దొరుకుతది" అనేవాడివి. ఇక్కడివాళ్లు కూడా అదే మాట అంటారు. కొంచెం దూరం పోయాక గడ్డి మధ్యలో ఒక బొక్క కనిపించింది. రెండు వేళ్లు పట్టేంత. దాని నోటి దగ్గర పొద్దున్నే తోడినట్టు మెత్తటి మట్టి. మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టి చూశాను, పొడిగానే ఉంది. "తాత అయితే ఏం చేస్తాడమ్మా?" అన్నాడు చిన్నోడు. బంకమట్టి కూరి కాలితో తొక్కుతాడని చెప్పాను. వాడు నిజంగానే మట్టి తేవడానికి పరిగెత్తాడు.

ఇక అసలు సంగతి. కట్ట పోసినప్పుడు సర్కారు నీళ్లు నిలిచే జాగా మొత్తం కొనలేదు. బార్కర్ లోపల సముద్ర మట్టం లెక్కన 95 అడుగుల దాకానే కొన్నది. దానిపైన ఉన్నది పట్టా భూమి. అప్పట్లో వరి మళ్లూ పశువుల బీళ్లూ ఉండేవి, ఎవరికీ పట్టలేదు. తర్వాత కాలనీలు వచ్చాయి. 2017 ఆగస్టులో హార్వే తుఫానుకు నీళ్లు 101 అడుగులు దాటాయి. మా ఇల్లు ఆ మధ్యలో ఉంది. అవును బాపూ, శిఖమే.

పక్కింటి పెద్దాయన తన గ్యారేజీలో గోడ చూపించాడు. మోకాలి ఎత్తున తేనీరు రంగులో సన్నటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు. సున్నం వేయించినా ఆ ఒక్క గోడను వదిలేశాడు. వాన వెలిసి ఎండ కాస్తుంటే నీళ్లు పెరుగుతూ వచ్చాయట, రోడ్డు పక్క మోరీల్లోంచి పైకి. ఆడిక్స్ దగ్గరైతే కట్ట చివర పక్క నుంచి నీళ్లు పొంగి మత్తడి పారింది, కట్టిన తర్వాత అదే మొదటిసారి. తూములు ఎత్తితే కింది కాలనీలు మునిగాయి, ఎత్తకపోతే పైవాళ్లు మునుగుతారు. నువ్వు నీరటిగా మన చెరువు తూము చూసుకునే రోజుల్లో అర్ధరాత్రి రెండు ఊళ్లవాళ్లు నీ మీదికి వచ్చినది గుర్తొచ్చి ఆయన ముందే కళ్లు తుడుచుకున్నాను.

తెలియక కొన్నామని నీతో అబద్ధం ఆడను. అమ్మేవాళ్లిచ్చిన కాగితంలో రిజర్వాయర్ లోపల ఉన్నదని టిక్కు పెట్టి ఉంది. ఇల్లు చూపించిన ఏజెంటు "అంత పెద్ద వాన మళ్లీ ఎక్కడ పడుతుంది" అన్నాడు. నేను సంతకం పెట్టాను. బడి దగ్గర, ధర మా అందుబాటులో ఉంది, ఏడేళ్లు అద్దె ఇళ్లలో తిరిగి అలసిపోయాం. వరద ఇన్సూరెన్స్ కట్టాం, ఇంటికి రెండున్నర లక్షల డాలర్ల దాకా వస్తుంది. ముఖ్యమైన కాగితాలు మేడ మీద పెట్టాను. పిల్లాడిని పెట్టుకుని కళ్లు మూసుకుని ఉండే మనిషిని కాదు నేను.

కానీ నిన్ను అడగలేదు. నువ్వు వద్దంటావని తెలిసే అడగలేదు. అది తప్పు. "శిఖంల నాటేసినోడు చెరువును తిట్టొద్దు" అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా కదా.

నీ బీపీ గోళీలు రెండు పూటలా వేసుకుంటున్నావా? అమ్మ మోకాలి నొప్పి ఫోన్లో చెప్పదు, నువ్వే చెప్పు. మామిడికాయ తొక్కు ఈసారి పంపొద్దను, పోయినసారి పంపిందే ఇంకా ఉంది. బతుకమ్మను ఇక్కడ ప్లాస్టిక్ టబ్బులో వేస్తున్నామని అమ్మ బాధపడింది కదా, ఈ ఏడు ఒక చెరువు గట్టు అడిగి చూస్తాం.

ఒక్క మాట మరిచిపోయాను. తూము పక్కనే కట్ట తెగుతుందని నువ్వు ఎప్పుడూ అనేవాడివి. ఇక్కడ కూడా భయం అక్కడే ఉండేది. పాత తూముల పక్క నుంచి నీళ్లు ఊరి మట్టి కొట్టుకుపోతుందేమోనని ఈ రెండు కట్టలనూ దేశంలోనే అన్నిటికన్నా ప్రమాదమైనవాటిలో చేర్చారు. తర్వాత కొత్త తూములు కట్టారు, 2020లో పని అయిపోయింది. తుఫాన్ల కాలం మొదలైంది, నవంబర్ దాకా నాకు టెన్షన్ ఉంటుంది, ఉండదని చెప్పను. ఆకాశం నల్లబడితే ఫోన్లో బార్కర్ మట్టం చూసుకుంటూ కూర్చుంటా.

కొత్త తూము ఫొటోలు నాలుగు ఈ ఉత్తరంతో పెడుతున్నా. రెండోదానిలో కుడి పక్క కాంక్రీటు కింద కొంచెం తడి కనిపిస్తుంది. అది వాన నీళ్లా, ఊటా, నువ్వు చూసి చెప్పు. ఈ ఆదివారం ఫోన్ చేస్తా, అమ్మకు ఇవ్వకముందు నువ్వు మాట్లాడు.

నీ బిడ్డ