మోడల్ ఇంజన్ ఇంధనంలో ఆముదాన్ని తీసేయకండి

సంపాదకులకు,

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లోనూ, ఇంజనీరింగ్ కాలేజీల ఏరోమోడలింగ్ క్లబ్బుల్లోనూ మిథనాల్‌తో నడిచే బుల్లి విమానాల గ్లో ప్లగ్ ఇంజన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కలిపి అమ్మే డబ్బా ఇంధనం ధర భరించలేక చాలామంది మిథనాల్ కొని సొంతంగా కలుపుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ నూనె దగ్గరికొచ్చేసరికి ‘బైకుల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ పోస్తే సరి’ అనేవాళ్లు కొందరు, ‘ఆముదం పాతకాలం సరుకు, జిగురు పడుతుంది, సింథటిక్ ఒక్కటే చాలు’ అనేవాళ్లు కొందరు. ఈ రెండు సలహాలూ ఇంజన్లను తినేస్తున్నాయి.

ముందు టూటీ ఆయిల్ సంగతి. పెట్రోలియం నూనె మిథనాల్‌లో కరగదు. డబ్బా ఊపినప్పుడు పాలలా కనిపించినా కాసేపటికి నూనె అడుక్కి దిగిపోతుంది. ట్యాంకులో పీల్చుకునే గొట్టం ఉండేదీ అడుగునే. ఇంజన్ ముందు ఉత్త నూనె తాగి ప్లగ్ ఆర్పేసుకుంటుంది, ఆ తర్వాత నూనె లేని మిథనాల్ తాగి పట్టేస్తుంది. ఏ నూనెనైనా నమ్మే ముందు గాజు సీసాలో 80 మి.లీ. మిథనాల్, 20 మి.లీ. నూనె పోసి బాగా ఊపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. మర్నాటికి అద్దంలా తేటగా ఉంటేనే పనికొస్తుంది. మసక కనిపించినా, అడుగున పొర కట్టినా నూనె తప్పుడుదైనా అయ్యుండాలి, మిథనాల్ తేమ పట్టినదైనా అయ్యుండాలి.

ఆముదం మిథనాల్‌లో ఏ పాళ్లలోనైనా కలిసిపోతుంది. అందులో సుమారు 85 నుంచి 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లమే దాని బలం. ఆ ఆమ్లంలోని హైడ్రాక్సిల్ గుంపు లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. ఇంధనం పారుదలను సరిచేసే నీడిల్ స్క్రూను మరీ బిగించి ఇంజన్ వేడెక్కినప్పుడు సింథటిక్ నూనె ఒక హద్దు దాటాక కాలి, ఆవిరై వెళ్లిపోతుంది, కనెక్టింగ్ రాడ్ కింది బుష్ ఎండిపోతుంది. అదే వేడిలో ఆముదం చిక్కబడి పొరలా నిలిచి, నీడిల్ వదులు చేసేందుకు వ్యవధి ఇస్తుంది. తీగ కట్టి గుండ్రంగా ఎగరేసే కంట్రోల్ లైన్ స్పీడ్ పోటీలకు అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ నిర్దేశించిన ఇంధనం కూడా 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు ఆముదమే.

జిగురు మాట అబద్ధం కాదు. ఏళ్ల తరబడి ఉత్త ఆముదంతో నడిపితే పిస్టన్, లైనర్ల మీద బంగారు గోధుమ రంగు పొర గట్టిపడుతుంది. అప్పుడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరిగి, వేడెక్కగానే వేగం కోల్పోతుంది. ఆ పొర మిథనాల్‌కు కరగదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు తీసేసి, రేడియేటర్లలో పోసే గ్లైకాల్ కూలెంట్‌లో సన్నని వేడి మీద కొన్ని గంటలు ఉంచితే వదులుతుంది. గ్లైకాల్ విషం, వంటకు వాడే గిన్నె అసలు వద్దు. మరోపక్క సింథటిక్‌కు ఉన్న లోపం కంటికి కనపడదు: చాలా రకాలు తేమను పీల్చుకుంటాయి, బేరింగులకు తుప్పు నుంచి కాపలా ఇవ్వవు. అందుకే నా మాట రెండూ కలపమనే. శుభ్రత సింథటిక్ చూసుకుంటుంది, ఆపదలో ఆముదం కాస్తుంది.

పాళ్లు ఇంజన్‌ను బట్టి ఉంటాయి. ఇనుప పిస్టన్, ఉక్కు లైనర్, బాల్ బేరింగ్ లేని పాత ఇంజన్లకు లీటరులో 250 మి.లీ. నూనె కావాలి, అందులో సగమైనా ఆముదం ఉండాలి. మొత్తం ఆముదమైనా మంచిదే. బాల్ బేరింగులున్న ఏబీసీ రకం (అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత ఉన్న ఇత్తడి లైనర్) 40, 46 సైజు (0.40, 0.46 ఘనపు అంగుళాల) ఇంజన్లకు లీటరుకు సింథటిక్ 150 మి.లీ., ఆముదం 40, పవర్ పెంచే నైట్రోమీథేన్ 50, మిథనాల్ 760 సరిగ్గా నప్పుతుంది. ఫోర్ స్ట్రోక్‌కు 15 నుంచి 18 శాతం నూనె చాలు, కంపెనీ పుస్తకం ఇంకెక్కువ అడిగితే దాని మాటే వినాలి. ‘నూనె తగ్గిస్తే పవర్ పెరుగుతుంది’ అని 10 శాతానికి దిగేవాళ్లున్నారు. రింగు లేని ఏబీసీ ఇంజన్‌లో పిస్టన్ చుట్టూ సందును మూసేదీ, వేడిని సైలెన్సర్ దాకా మోసుకెళ్లేదీ ఆ నూనే. దాంట్లో చాలా భాగం కాలకుండానే బయటికొస్తుంది, అది వృథా కాదు.

ఇక ఏ ఆముదం? మన పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు ఆముదం పండించే నేలలు, సరుకుకు కొరత లేదు. కానీ వంటాముదం పనికిరాదు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీస్తారు కనుక అందులో తేమ, సన్నటి పిప్పి మిగులుతాయి. పిప్పి నీడిల్ దగ్గర అడ్డుపడుతుంది. సువాసన కలిపిన తలనూనె సీసాలూ వద్దు. వేడి చేయకుండా పిండి, శుద్ధి చేసి వడకట్టిన ఆముదం, దాదాపు రంగులేనిది లేదా లేత పసుపుది తీసుకోండి. మందుల తయారీకి అమ్మే రకమైతే నిశ్చింత.

కలిపేటప్పుడు తూకం మేలు, ఎందుకంటే ఆముదం కొలపాత్ర గోడలకు అంటుకుని లెక్క తప్పిస్తుంది. ఆముదం 100 మి.లీ. అంటే 96 గ్రాములు, మిథనాల్ 79, నైట్రోమీథేన్ సుమారు 113. ముందు మిథనాల్‌లో ఆముదం పూర్తిగా కరగనిచ్చి, ఆపైన సింథటిక్, చివర నైట్రో. నైట్రోలో ఆముదం సరిగా కరగదు కనుక ఈ వరుస తిరగేయకూడదు. సన్న ఫిల్టర్‌లో వడకట్టి, డబ్బా నిండుగా నింపి మూత బిగించండి. విశాఖ లాంటి తేమ గాలిలో సగం ఖాళీ డబ్బా త్వరగా పాడవుతుంది.

కొత్త మిశ్రమం పోయగానే పాత నీడిల్ సెట్టింగుతో ఎగరేయకండి. ఆముదం ఎక్కువైతే ఇంధనం చిక్కబడి నెమ్మదిగా పారుతుంది, అదే సెట్టింగులో ఇంజన్‌కు చాలీచాలని ఇంధనం అందుతుంది. అర చుట్టు వదులు చేసి మొదలుపెట్టి, పొగ చూసుకుంటూ బిగించాలి. సైలెన్సర్ నుంచి కారే నూనెను తెల్ల కాగితం మీద పట్టి చూడండి. లేత తేనె రంగుంటే సరే. ముదురు గోధుమైతే వేడి ఎక్కువ. బూడిద రంగు, నలుపు కనిపిస్తే లోహం అరుగుతోంది, ఆపి విప్పాల్సిందే.

స్పార్క్ ప్లగ్ పెట్రోలు ఇంజన్లది వేరే లెక్క. ఆముదం పెట్రోలులో సరిగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ ఇంజన్లు దాన్ని వాడింది కూడా పెట్రోలు దాన్ని కడిగేయలేదనే. వీటికి జాసో ఎఫ్‌డీ (జపాన్ నూనె ప్రమాణం) గుర్తున్న టూటీ ఆయిల్ లీటరుకు 25 నుంచి 30 మి.లీ. పోయండి. పడవ ఇంజన్ల టీసీ డబ్ల్యూ 3 నూనె గాలితో చల్లబడే ఇంజన్లకు కాదు. ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు తేమ పట్టేస్తుంది కనుక వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి.

మిథనాల్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం చాలా ప్రమాదం. పది మి.లీ. మింగినా కళ్లు పోవచ్చు. ఎండలో దాని మంట కంటికి కనిపించదు. చేతికి తొడుగు, దగ్గర్లో బకెట్ నీళ్లు ఉండాలి. డబ్బా మీద నూనె పేరు, శాతం, కలిపిన తేదీ రాయమని క్లబ్బుల వాళ్లను కోరుతున్నాను. ఒక బ్యాచ్ కలిపిన ఇంధనం తర్వాతి బ్యాచ్ పిల్లల చేతికి వెళుతుంది.

ఎగరేయడం అయ్యాక గొట్టం తీసేసి ఇంజన్‌లో మిగిలిన ఇంధనం అయిపోయేదాకా తిప్పండి. తర్వాత కార్బురేటర్‌లో, ప్లగ్ రంధ్రంలో నాలుగైదు చుక్కల కుట్టుమిషన్ నూనె వేసి చేత్తో పదిసార్లు తిప్పండి. నెలల తర్వాత ఆముదం బిగుసుకుని ప్రొపెల్లర్ కదలకపోతే స్పానర్ పెట్టి బలవంతం చేయకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, చల్లారాక కాస్త మిథనాల్ పోసి గంటసేపు వదిలేస్తే అదే వదులవుతుంది.

ఇట్లు,
ఒక ఏరోమోడలర్, సికింద్రాబాద్