మోరి చెరువులో కలిసేచోట జమ్ము ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మూసీ శుద్ధి గురించి మీ పత్రికలో చదివినప్పుడల్లా నాకు మా ఊరి మోరి గుర్తొస్తుంది. నేను సైన్స్ టీచరుగా రిటైరై రామంతాపూర్‌లో ఉంటున్నాను. భువనగిరి దాటాక మా ఊరు. అమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి నెలకు రెండుసార్లయినా పోయొస్తాను.

మిషన్ భగీరథ వచ్చాక నల్లా ఇంటి ముందుకొచ్చింది, అమ్మకు బిందెలు మోసే బాధ తప్పింది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని ఆ పథకం లెక్క. అందులో 80 శాతం దాకా వాడి వదిలే నీరేనని ఇంజినీర్లు అంచనా కడతారు. మా ఊళ్లో సుమారు 1,400 మందిమి. నల్లాలు లెక్క ప్రకారం వస్తే బోళ్లు తోమినవి, బట్టలుతికినవి, స్నానాలు చేసినవి కలిపి రోజుకు లక్షా 12 వేల లీటర్ల దాకా. ఆ నీళ్లు ఎటు పోవాలో ఎవరూ ఆలోచించలేదు. సీసీ మోరి కట్టి నేరుగా చెరువులోకి వదిలేశారు.

అంతకుముందు మట్టి కాలువ ఉండేది. చెరువు శిఖం అంచున పల్లంలో మనిషెత్తు జమ్ము, మధ్యమధ్య మెట్టతామర పూలు. ఇవతల నల్లగా, సబ్బు నురగతో చేరిన నీళ్లు ఆ జమ్ములో మెల్లగా పాకి, అవతల చెరువులో కలిసేసరికి అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉండేవి. చిన్నప్పుడు అక్కడే చేప పిల్లలు పట్టేవాళ్లం. మోరి పనికి అడ్డమని ఆ జమ్మునంతా జేసీబీతో పెకలించారు. ఇప్పుడు చెరువు ఆ మూలంతా గుర్రపుడెక్కే. “ఇదివరకు ఆ మురికి జమ్ములనే ఆగుతుండె బిడ్డా” అంటుంది అమ్మ. బడి మొహం చూడని మా అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

దాన్నే పద్ధతిగా కట్టుకోవచ్చు. మోరి చివర ముందు ఒక తొట్టి కట్టాలి. మెతుకులు, బూడిద, మడ్డి అందులో పేరుకుంటాయి. తర్వాత రెండడుగుల లోతు కంకర మడి, అందులో జమ్మో మెట్టతామరో నాటాలి. నీళ్లు కంకర లోపలే పారతాయి కాబట్టి పైన నిలవవు, దోమ గుడ్లు పెట్టదు. కంకరకు, వేళ్లకు పట్టుకున్న సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. పల్లం ఉంటే మోటారూ కరెంటూ అక్కర్లేదు. పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఊళ్ల మురుగు కోసం ఇలాంటి మడుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మన నగరంలోనే నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటిమీద తేలే మొక్కల మడి వేశారు.

స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో, 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఇలా వాడి వదిలిన నీటిని శుద్ధి చేసే పనికి మనిషికి 280 రూపాయల దాకా లెక్కకట్టారు. మా ఊరికైతే 3 లక్షల 92 వేలు. అదొక్కటే చాలుతుందని నేననను. కానీ మోరి పొడిగించడానికి దొరికే డబ్బు దీనికెందుకు దొరకదు?

నా భయం కట్టడం గురించి కాదు, ఆ తర్వాత గురించి. తొట్టిలో మడ్డి తీయకపోతే కొన్నాళ్లకే కంకర పూడుకుపోతుంది. జమ్ము ఏపుగా పెరిగాక కోయాలి. షాంపూ ప్యాకెట్లు అడ్డుపడకుండా తొట్టి ముందు జాలీ పెట్టి, దాన్ని శుభ్రం చేస్తుండాలి. ఆ పని ఎవరిదో, కూలి ఎక్కణ్నుంచో ముందే పంచాయతీ పుస్తకంలో రాసుకోవాలి. మరుగుదొడ్ల నీళ్లు మాత్రం మోరిలో కలవనివ్వకూడదు, వాటికి రెండు గుంతల పద్ధతి ఉండనే ఉంది.

మా ఊళ్లో రెండో వాడకట్టుకు కూడా మోరి వేస్తారని చెప్పుకుంటున్నారు. అదీ చెరువు వైపేనట. జమ్ము పీకిన చోట నాలుగు గుంటల జాగా ఇంకా ఖాళీగానే ఉంది. పంచాయతీరాజ్ అధికారులు ఎస్టిమేట్ వేసేముందు ఒక్కసారి వచ్చి ఆ జాగా చూడమని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను. వచ్చేది ఏ రోజో చెబితే నేను ముందురోజే ఊరికెళ్లి ఉంటాను.

— ఒక రిటైర్డ్ టీచర్, రామంతాపూర్, హైదరాబాద్