కొల్లూరు వజ్రం, కార్న్‌వాల్ భవనం

సంపాదకుల వారికి నమస్కారం.

కోహినూరును తిరిగి రప్పించాలన్న డిమాండుపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్నీ, దానికి స్పందిస్తూ పాఠకులు రాసిన లేఖలనూ శ్రద్ధగా చదివాను. అందరి చూపూ ఆ ఒక్క రాయి మీదే నిలిచిపోయింది. కృష్ణాతీరపు గనుల నుంచి వెళ్లిన మరో పెద్ద వజ్రం ఇంగ్లండులో ఎకరాలుగా, భవనంగా, అధికారంగా ఎలా మారిందన్నది మాత్రం మన చర్చలోకి రావడం లేదు. ఆ భవనం ఒక భాగాన్ని పోగొట్టుకుని కూడా నిలిచే ఉంది. ఆ గని ఉన్న కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. ఈ రెండింటి కథనూ కలిపి చెప్పే ఏర్పాటు ప్రభుత్వం చేయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెబుతున్న భవనం ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ ప్రాంతంలో, లాస్ట్‌విథియెల్ అనే చిన్న పట్టణానికి దగ్గరలో ఉన్న బొకొనాక్. జింకలు తిరిగే పాత వనం, శతాబ్దాల నాటి ఓక్ చెట్లు, ఇంటిని ఆనుకున్నట్టుగా ఒక ప్రాచీన చర్చి, వీటి నడుమ ఆ ఇల్లు ఉంటుంది. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అక్కడి అంతర్యుద్ధంలో 1643 జనవరిలో బ్రాడక్ డౌన్ పోరు దాని పొలిమేరలోనే జరిగింది. మరుసటి ఏడాది మొదటి చార్లెస్ రాజు అదే ఇంట్లో విడిది చేశాడు. అప్పట్లో అది మోహన్ ప్రభువులది. ఆ వంశంలో చివరివాడు 1712 నవంబరులో లండన్‌లోని హైడ్ పార్కులో హామిల్టన్ డ్యూక్‌తో ఒక వారసత్వపు తగాదా మీద కత్తులు దూశాడు. ఇద్దరూ చనిపోయారు. ఐదేళ్ల తర్వాత అతని భార్య ఆ ఎస్టేటును 54,000 పౌండ్లకు అమ్మింది. కొన్నవాడు థామస్ పిట్, 1698 నుంచి 1709 వరకు మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు గవర్నరు.

ఆ సొమ్ము ఎక్కడిదో ఇంగ్లండులో అందరికీ తెలుసు, ఎందుకంటే పిట్‌ను బతికి ఉండగానే 'డైమండ్ పిట్' అని పిలిచారు. 1702 ప్రాంతంలో జామ్‌చంద్ అనే వర్తకుడు ఆయన దగ్గరకు దాదాపు 410 క్యారెట్ల ముడి వజ్రం తెచ్చాడు. రెండు లక్షల వరహాల దగ్గర మొదలైన బేరం 48,000 వరహాల దగ్గర తెగింది. ఆ రాయిని పిట్ పెద్ద కొడుకు రాబర్ట్ ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. లండన్‌లో సానపట్టడానికి దాదాపు రెండేళ్లు పట్టింది, చివరికి మిగిలింది 140 క్యారెట్లు. 1717లో ఫ్రాన్సు బాలరాజు తరఫున పాలిస్తున్న ఓర్లియాన్ డ్యూక్ దాన్ని 135,000 పౌండ్లకు కొన్నాడు. ఇప్పుడు 'రీజెంట్' పేరుతో ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణలో ఉన్నది అదే. అమ్మిన ఏడాదే పిట్ బొకొనాక్ కొన్నాడు. దాని ఖరీదు వజ్రం ధరలో ఐదింట రెండు వంతులు.

ఆ రాయి దొరికింది కొల్లూరులో అని ఎక్కువమంది రాశారు, పరిటాల అన్నవారూ ఉన్నారు. ఏదైనా కృష్ణమ్మ ఒడ్డు సీమే. ఒక బానిస తన కాలి గాయంలో దాచి తెచ్చాడనీ, ఓడ కెప్టెన్ అతణ్ణి చంపి కాజేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. దాన్ని నేను పట్టించుకోను, ఎందుకంటే నిజంగా రాసిపెట్టిన సంగతులు అంతకన్నా బరువైనవి. పదిహేడో శతాబ్దం నడుమ ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కొల్లూరులో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టిని మోసుకుపోయి చిన్న ప్రహరీ కట్టిన మడిలో పోసేవాళ్లు. అక్కడ దాన్ని నీళ్లతో కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చేటలతో చెరిగి రాళ్లు ఏరేవాళ్లు. తాను రావొల్కొండ అని పిలిచిన మరో గనిలో, పని బాగా తెలిసిన కూలీకి కూడా ఏడాదికి దక్కేది 3 వరహాలేనని ఆయనే రాశాడు. కాలంలో అర్ధశతాబ్దం తేడా, గనీ వేరు, నిజమే. అయినా ఆ లెక్కన చూస్తే పిట్ ఇచ్చిన 48,000 వరహాలు ఒక మనిషికి 16,000 ఏళ్ల కూలి. పిట్ బేరమాడి తగ్గించింది అంతకు మూడింతలకు పైనే.

ఇక కట్టడం సంగతి. పిట్ ఆ పాత ఇంటిని బాగుచేసి పెంచాడు. దానికి అసలైన రూపం ఇచ్చినది మాత్రం అతని మునిమనవడు, మొదటి కామెల్‌ఫర్డ్ ప్రభువు. పేరు ఈయనదీ థామస్ పిట్టే. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ భవనాలు గీసిన వ్యక్తి. ఇంగ్లండులోని స్టో ఉద్యానవనంలో ఉన్న కొరింథియన్ ఆర్చి ఆయన గీసినదే. బొకొనాక్‌కు దక్షిణపు భాగాన్ని తానే రూపొందించి చేర్చాడు. తన మేనమామ సర్ రిచర్డ్ లిటిల్టన్ జ్ఞాపకంగా 1771లో, అంతర్యుద్ధం నాటి మట్టికట్ట నడుమ, 123 అడుగుల రాతి స్తంభం నిలబెట్టాడు. ఇటలీలో పరిచయమైన జాన్ సోన్ అనే యువ వాస్తుశిల్పి చేత 1780లలో ఇంటి లోపల మార్పులు చేయించాడు. ఆ యువకుడే తర్వాత బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ భవనానికి శిల్పిగా పేరు పొందాడు. వాస్తు చరిత్రకారులు బొకొనాక్‌ను తలచుకునేది ఎక్కువగా ఈ ఇద్దరి కోసమే, అందులో తప్పేమీ లేదు.

అయితే ఆ సొమ్ము గోడల దగ్గర ఆగలేదు. పిట్ చేతిలో ఓల్డ్ సారమ్ అనే నియోజకవర్గం కూడా ఉండేది. జనం దాదాపు లేని ఆ దిబ్బ నుంచి పార్లమెంటుకు ఇద్దరు సభ్యులు వెళ్లేవారు. 1735లో అక్కడి నుంచే ఆయన మనవడు విలియం పిట్ పార్లమెంటులో అడుగుపెట్టాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. ఆ ప్రధాని కొడుకు, మరో విలియం పిట్, తానూ ప్రధాని అయి తెచ్చినదే మన విద్యార్థులు పోటీ పరీక్షల కోసం బట్టీపట్టే 1784 నాటి పిట్ ఇండియా చట్టం. మన నేలలో దొరికిన రాయితో ఎదిగిన కుటుంబం మూడు తరాల తర్వాత మన దేశపు పాలనకు చట్టం రాసిందన్న సంగతి కూడా ఆ పిల్లలకు చెప్పాలి. రెండో కామెల్‌ఫర్డ్ ప్రభువు 1804లో ద్వంద్వయుద్ధంలో పోయాక (ఆ ఎస్టేటుకూ ద్వంద్వయుద్ధాలకూ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది) బొకొనాక్ అతని సోదరికి దక్కింది. ఆమె భర్త గ్రెన్‌విల్ ప్రభువు ప్రధానిగా ఉండగానే 1807లో బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. 1864లో ఆమె మరణించాక ఎస్టేటు ఫోర్టెస్క్యూ కుటుంబానికి చేరింది, ఇప్పటికీ వారిదే.

రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ అమెరికా సైనికులు మకాం వేశారు. 1969 నుంచి ఇల్లు ఖాళీగా పడి ఉంది, 1970ల తొలినాళ్లలో కామెల్‌ఫర్డ్ కట్టిన దక్షిణపు భాగాన్ని కూల్చేశారు. అది ఆ ఒక్క ఇంటి దురవస్థ కాదు. పన్నుల భారం, పనివాళ్ల కొరత, మరమ్మతుల ఖర్చు తట్టుకోలేక ఇరవయ్యో శతాబ్దంలో అటువంటి భవనాలు వందల సంఖ్యలో నేలకూలాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ విధ్వంసం మీదే ఒక ప్రదర్శన పెట్టి దేశాన్ని కదిలించింది. మిగిలిన బొకొనాక్‌ను మాత్రం ఆ కుటుంబం ఈ శతాబ్దపు తొలి పన్నెండేళ్లలో ఓపికగా బాగుచేసింది, 2012లో చారిత్రక గృహాల పునరుద్ధరణకు ఇచ్చే జాతీయ పురస్కారం అందుకుంది. ఆ పనిని నేను మెచ్చుకుంటాను. ముప్పై ఏళ్లు వదిలేసిన ఇంటిని నిలబెట్టడం ఎంత కష్టమో, మన ఊళ్లలో కూలుతున్న జమీందారీ కోటలను చూసేవారికి తెలుసు.

నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ భవనం కథ చెప్పే ప్రతిచోటా 'వజ్రం అమ్మిన డబ్బుతో కొన్నది' అన్న వాక్యం వస్తుంది, అంతటితో ఆగిపోతుంది. వజ్రం ఎవరి మట్టిలోది, ఎవరు తవ్వారు అన్నది రాదు. అక్కడి చారిత్రక భవనాలను సంరక్షించే నేషనల్ ట్రస్టు అనే సంస్థ 2020 సెప్టెంబరులో తన అధీనంలోని 93 స్థలాలకు వలసపాలనతో, బానిసత్వంతో ఉన్న సంబంధాలను నివేదికగా వెలువరించింది. దాని మీద అక్కడ పెద్ద రభస జరిగింది. బొకొనాక్ ప్రైవేటు ఆస్తి కాబట్టి ఆ నివేదిక పరిధిలోకే రాలేదు.

వారిని తప్పుబట్టే ముందు మన వంతు చూసుకోవాలి. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం రైతుకు అవసరమే, దాన్ని నేను ప్రశ్నించడం లేదు. కానీ కొల్లూరు మునిగినంత మాత్రాన అక్కడి చరిత్ర మునగనక్కరలేదు. పల్నాడు జిల్లాలో జలాశయం ఒడ్డున, గని పనితీరు చూపే నమూనాతో, తవ్విన జనం గురించిన వివరంతో, రీజెంట్ వంటి వజ్రాలు ఏ దేశంలో ఏ ఆస్తిగా మారాయో చెప్పే పటంతో ఒక ప్రదర్శనశాలను పురావస్తు, పర్యాటక శాఖలు కలిసి ఏర్పాటు చేయాలి. అందులో లూవ్ర్‌లోని రాయి బొమ్మ పక్కన బొకొనాక్ బొమ్మ కూడా ఉండాలి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే వారు పిట్ చట్టం ఉన్న పుటలోనే పిట్ వజ్రం గురించి నాలుగు వాక్యాలు చేర్చవచ్చు, దానికి పైసా ఖర్చు కాదు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి మరో మనవి. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాను నిర్వహించే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ, ఆ జాబితాలోని కట్టడాలకు సామాన్యులు ఫొటోలు, సమాచారం జతచేసే వీలు కల్పించింది. బొకొనాక్ కూడా ఆ జాబితాలో ఉంది. కొల్లూరు పేరును, టావెర్నియే చూసిన ఆ అరవై వేల మంది సంగతిని అక్కడ చేర్చడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కరలేదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నరసరావుపేట