రైతుబజార్‌లో కట్టకూ తూకం రాయాలి

సంపాదకులకు,

రైతుబజార్ల ధరల బోర్డు మీద టమాటా, వంకాయ, బెండ అన్నీ కిలో లెక్కన రాస్తారు. ఆకుకూరల దగ్గరికి వచ్చేసరికి ‘కట్ట ఇంత’ అని వదిలేస్తారు. కట్ట అంటే ఎంత? వానలకు సరుకు తగ్గినా బోర్డు మీద ధర కదలదు, కట్ట సన్నబడుతుంది. తోటకూరలో ఆకు తగ్గి కాడ పెరుగుతుంది. వాడిపోకుండా నీళ్లు చల్లితే తప్పులేదు గానీ, తొట్టిలో ముంచి తీసిన కొత్తిమీర బరువు తూగుతుంది, లోపల గాలాడక త్వరగా కుళ్లుతుంది. కొనేవారు పైన ఆకులు చూసి సరిపెట్టుకోకుండా, తాడు కట్టిన చోట విడదీసి చూడాలి. జిగురు, నలుపు ముందు కనబడేది అక్కడే.

కట్ట ధర పక్కనే కనీస బరువు గ్రాముల్లో రాస్తే సగం గొడవ తీరుతుంది. ఇందులో రైతుకూ నష్టం లేదు. సరుకు తక్కువైన రోజు కట్ట చిన్నది చేసే బదులు ధర పెంచమని అడగొచ్చు. టోకు ధర కంటే కాస్త ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే తక్కువ ఉండేలా రోజూ ధర కట్టే పద్ధతి ఎలాగూ ఉంది.

ఎలక్ట్రానిక్ కాటా దగ్గర చూడాల్సింది గిన్నె. ఖాళీ గిన్నె పెట్టినప్పుడు అంకె సున్నా చూపాలి. 50 గ్రాముల గిన్నె బరువు కూరలో కలిసిపోతే కిలోకు పోయేది 5 శాతమే, పావుకిలో పచ్చిమిర్చికి మాత్రం 20 శాతం. అనుమానం వస్తే సంచిలోని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడొచ్చు. కవరు బరువు వల్ల కొద్ది గ్రాములు ఎక్కువ చూపొచ్చు, అంతకు మించి చూపితే కొనేవారికి నష్టమే. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో కూడా చూడాలి.

1999లో ఈ బజార్లు మొదలైంది పండించినవారే అమ్ముకోవాలని. దగ్గర్లో పండని ఉల్లి, బంగాళాదుంప లాంటివి అమ్మడానికి స్వయం సహాయక సంఘాలకు అనుమతి ఉంది, అది వేరే సంగతి. రైతు పేరిట ఉన్న దుకాణంలో కాకర, క్యారెట్, క్యాప్సికం, క్యాబేజీ ఏడాది పొడుగునా పక్కపక్కనే కనబడితే అవి ఏ చేనువో అడగాల్సిందే. గుర్తింపు కార్డు జేబులో కాదు, కాటా పక్కన వేలాడాలి.

ప్రతి బజారులో దాని నిర్వహణ చూసే ఎస్టేట్ ఆఫీసరు గది బయట, అందరికీ అందేలా ముద్ర ఉన్న కాటా ఒకటి పెట్టించాలని, ఆకుకూరల బోర్డు మార్చాలని మార్కెటింగ్ అధికారులను కోరుతున్నాం.

– కొందరు వినియోగదారులు, విశాఖపట్నం