విద్యుత్ వాహనాల ఛార్జింగ్‌ను భవనం లోడుతో కలిపి నడపాలి: నెల్లూరు విద్యుత్ సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నెల్లూరు మాగుంట లేఅవుట్, వేదాయపాళెం వంటి ప్రాంతాల్లో సాయంత్రం ఉద్యోగులు ఇల్లు చేరి సెల్లారులో కారుకు ఛార్జరు తగిలించే వేళకే పైన ఇంటింటా ఏసీలు, లిఫ్టు, నీటి మోటారు నడుస్తుంటాయి. 32 ఆంపియర్ల ఇంటి ఛార్జరు ఒక్కటే సుమారు 7.4 కిలోవాట్లు లాగుతుంది. అలాంటివి పది కలిస్తే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరులో ముప్పావు వంతు వాటికే సరిపోతుంది.

ప్రతి వీధిలో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టడమే మార్గమని నేను అనుకోను. ఎంత కరెంటు తీసుకోవచ్చో తెలుపుతూ ఛార్జరు కారుకు పంపే పైలట్ సంకేతాన్ని మార్చి కరెంటును 6 ఆంపియర్ల దాకా తగ్గించవచ్చు గనుక, భవనం మొత్తం లోడును కొలిచే మీటరునూ ఛార్జర్లనూ విద్యుత్ వాడకాన్ని సర్దుబాటు చేసే ఒకే ఇంధన నిర్వహణ వ్యవస్థకు కలిపితే, రద్దీ వేళ ఛార్జింగ్ నెమ్మదించి, అర్ధరాత్రి వేగం పుంజుకుని, తెల్లవారేసరికి బ్యాటరీ నిండుతుంది. మామూలు సాకెట్టుకు తగిలించే స్కూటర్లకు ఈ సంకేతం ఉండదు. వాటికి టైమరు చాలు. అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సినవారు పూర్తి వేగంతో ఛార్జింగ్ కోరుకునే వీలు మాత్రం యజమాని చేతిలోనే ఉండాలి, ఇందులో రాజీ కూడదు.

అపార్ట్‌మెంట్లకు ఛార్జింగ్ కనెక్షన్ ఇచ్చేటప్పుడు, వేర్వేరు కంపెనీల ఛార్జర్లు ఒకే సాఫ్ట్‌వేరుతో పనిచేయడానికి వీలిచ్చే ఓసీపీపీ ప్రోటోకాల్‌ను షరతుగా పెట్టండి. సౌర విద్యుత్ దొరికే గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలన్న 2023 కేంద్ర నిబంధనల ప్రయోజనం కార్ల యజమానులకూ అందేలా, కార్యాలయాల ఆవరణల్లో పగటి ఛార్జింగ్‌కు పైఅధికారులకు ప్రతిపాదన పంపండి. వచ్చే వేసవిలోపు ఒక్క సముదాయంలోనైనా ఈ పద్ధతిని అమలుచేసి, ట్రాన్స్‌ఫార్మరు లోడు వివరాలను నివాసితుల ముందుంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
నెల్లూరు విద్యుత్ వినియోగదారుడు