మా నాన్న బ్రష్షులకు కాలమ్ లేదన్నారు, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి, విజయవాడ సింగ్ నగర్ నుంచి ఒక బ్యానర్ ఆర్టిస్టు కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

బుడమేరు వరద సాయం సంగతి మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు ఇచ్చిన 25,000 రూపాయలు మాకూ అందాయి. కాదనను. నా బాధ మా నాన్న పనిముట్ల గురించి.

నష్టం రాసుకోవడానికి వచ్చినతను ఫ్రిజ్ ఉందా, టీవీ ఉందా, బండి ఉందా అని అడిగాడు. నాన్న బురదలోంచి తీసిన బ్రష్షుల కట్ట చూపించి, "ఇవి కూడా రాసుకో బాబూ, నా బతుకుతెరువు ఇదే" అన్నారు. వీటికి కాలమ్ లేదండీ అన్నాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. కానీ తోపుడు బండికి సాయం ఉంది, కిరాణా కొట్టుకు ఉంది, మగ్గానికి ఉంది. బొమ్మలు వేసి బతికే మనిషికి ఎందుకు లేదు? ఇదే అడుగుతూ నాన్న మూడు అర్జీలు పెట్టారు. మూడుసార్లూ "పరిష్కరించాం" అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారండీ? మూడో మెసేజ్ నాన్న పెద్దకర్మ రోజున వచ్చింది.

గాంధీనగర్ నిండా సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న రోజుల్లో నాన్నకు తీరికే ఉండేది కాదు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవిగా గీసుకుని, గడి గడికీ ముఖాన్ని పెంచుకుంటూ పోయేవారు. కళ్లు మాత్రం ఆఖర్న వేసేవారు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక షాపు బోర్డులు, బళ్ల నంబర్ ప్లేట్లు రాశారు. మా వీధి బడి గోడ మీద గుణింతాలు ఊరికే రాసిచ్చారు. ఎవరింట్లోనైనా పోయినవాళ్లకు విడిగా ఫొటో లేకపోతే, పాత పెళ్లి ఫొటోలో వెనక నిలబడ్డ ముఖం చూసి బొమ్మ గీసిచ్చేవారు. డబ్బులివ్వబోతే "దండ కొనండమ్మా" అనేవారు.

మిగిలిన రంగులు మా వంటింటికి. అమ్మ డబ్బాల మీద కందిపప్పు, మినప్పప్పు, చింతపండు అని సినిమా టైటిల్ అక్షరాల్లో రాసిపెట్టారు. వరదలో ఆ డబ్బాలు తేలుతూ దొరికాయి. ఒక్క అక్షరం చెరగలేదు. రంగుల డబ్బాలు, కుంచెలు, ఆయన దాచుకున్న పాత స్కెచ్‌లు మాత్రం ఒక్కటీ పనికి రాలేదు. నాన్న వాటిని మూడు రోజులు ఎండబెట్టి చూశారు.

నాన్న ఇక లేరు. ఆయనకంటూ ఇప్పుడు ఏమీ అడగను. ఈ ఊళ్లో బ్రష్షు పట్టి బతికేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను లెక్కలోకి తీసుకోండి. రేపు మళ్లీ నీళ్లొస్తే వాళ్ల పని పేరు రాసుకోవడానికి ఒక గడి ఉంచండి. దయచేసి ఆ మూడు అర్జీలు ఎవరైనా తెరిచి చదవండి.

మూడో అర్జీ నకలు జత చేస్తున్నాను. చదివే తీరిక లేకపోయినా, ఒక్కసారి ఆ దస్తూరీ చూడండి.

ఇట్లు,
ఆయన పెద్దకూతురు